వాన నీటి ఖాతాలో జమ ఏది?

(నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మారక ఉపన్యాసం)



ఇంజనీరు పేరిట జరిగే సభకు అకౌంట్స్ మనిషిని పిలవడం నిర్వాహకుల సాహసం. నేను మునిసిపల్ అకౌంట్స్‌లో చేరి అందులోనే రిటైరయ్యాను. ఇంజనీర్లు తెచ్చిన ఎస్టిమేట్ల మీద కొర్రీలు వేయడమే నా వృత్తి. నా కొర్రీల బాధితులు ఈ హాల్లోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. ఇవాళ జవాబిచ్చే అవకాశం వాళ్ళకు లేదు కాబట్టి కొంచెం ధైర్యంగానే మాట్లాడతాను.

1877 జూలై 11న హైదరాబాదులో పుట్టిన మీర్ అహ్మద్ అలీ ఇంగ్లండ్ వెళ్ళి కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. తిరిగొచ్చి నిజాం ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అన్న బిరుదుతోనే చరిత్రకు మిగిలారు. మంజీరా మీద నిజాంసాగర్ ఆయన పెద్ద పని. 1923లో మొదలై 1931లో పూర్తయింది. నిజామాబాద్ దగ్గర అలీసాగర్ నేటికీ ఆయన పేరుతోనే ఉంది. తెలంగాణ వచ్చాక ఆయన పుట్టినరోజును రాష్ట్ర ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆయన ఆనకట్టల గొప్పతనం చెప్పగల ఇంజనీర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకు నచ్చింది ఆ తరం సాగునీటి ప్రాజెక్టుల కాగితాల తీరు. కట్ట ఎంత ఎత్తో, తూములు ఎన్నో రాసిన చోటే ఎన్ని ఎకరాలు పారుతుందో, నీటి తీరువా ఎంత వస్తుందో, కాలువ మీద తిరిగే లస్కర్లు ఎందరు కావాలో కూడా లెక్క ఉండేది. కట్టిన మరుసటి ఏడు నుంచి దాన్ని ఎవరు చూసుకోవాలి, ఆ డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు కట్టకముందే జవాబు రాసుకునేవాళ్ళు.

ఇవాళ నేను పెట్టదలచుకున్న వాదన ఒక్కటే. నగరంలో వాన నీటి నాలాలకు ఆ జవాబు ఎవరూ రాయలేదు. వాటి ఖాతాలో ఖర్చు వైపు అంకెలున్నాయి, జమ వైపు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఉన్నంతకాలం ఎన్ని వేల కోట్ల కాంక్రీటు పోసినా మోకాలి లోతు నీళ్ళు మనల్ని వదలవు. వేరే ఊళ్ళ సంగతి కూడా ఎత్తుతాను గానీ నాకు బాగా తెలిసిన హైదరాబాదునే ఉదాహరణగా పట్టుకుంటాను.

1. కురిసేది ఎంత

నోటి లెక్కతో మొదలుపెడదాం. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. 200 గజాల జాగా అంటే సుమారు 167 చదరపు మీటర్లు. ప్రహరీ నుంచి ప్రహరీ దాకా స్లాబూ పార్కింగ్ టైల్సూ పరిచిన ఇంటి మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 8 వేల లీటర్లు దాటుతుంది. ఏప్రిల్‌లో మనం డబ్బు కట్టి, ఫోన్లు చేసి, బతిమాలి తెప్పించుకునే 5 వేల లీటర్ల టాంకరు ఒకటిన్నరకు పైనే. అదే ఇల్లు జూలైలో ఆ ఒకటిన్నర టాంకరును అరగంటలో గేటు బయటికి తోసేసి తలుపేసుకుంటుంది. తోసినందుకు పైసా చెల్లించదు.

ఇప్పుడు ఊరంతటికీ వేద్దాం. 2007లో పన్నెండు మునిసిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను పాత నగరపాలక సంస్థలో కలిపి గ్రేటర్ చేసినప్పుడు వైశాల్యం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. నా లెక్కలన్నీ ఆ హద్దులవే. దాని మీద 5 సెంటీమీటర్ల వాన అంటే 3,250 కోట్ల లీటర్లు, ఒక టీఎంసీకి పైన. గండిపేట జలాశయం నిండుగా ఉన్నప్పుడు పట్టేది 3.9 టీఎంసీలు. అంటే ఒక గట్టి వాన కురిస్తే గండిపేటలో పావు వంతుకు మించిన నీళ్ళు ఊరి నెత్తి మీద పడతాయి. పూర్వం అందులో చాలా భాగం నేలలోకి ఇంకేది, గొలుసుకట్టు చెరువుల్లో ఆగేది. ఇప్పుడు నేల సిమెంటయింది, గొలుసు తెగింది. పడినదంతా ఒకేసారి నాలాకు పరుగెడుతుంది.

ఇక్కడ 1908 ప్రస్తావన వస్తుందని మీరంతా ఎదురుచూస్తున్నారు. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడి 15 వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, వరదను ఊరికి పైనే ఆపాలన్నారు. ఆ ఆలోచనే 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ అయింది. ఆ రెండూ పూర్తయిన రోజుల్లో అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరు. అది పైనుంచి వచ్చే నదికి చెప్పిన జవాబు. ఊరి మీదే కురిసే వాన ఇంకో ప్రశ్న. ఇంచుమించు అదే కాలంలో, 1931 నాటికి, మురుగునీటి అండర్‌గ్రౌండ్ లైన్లు కూడా వచ్చాయి. 54 చదరపు కిలోమీటర్లకు, 4.68 లక్షల జనాభాకు వేసిన లెక్క అది. తరవాత ఊరు పెరిగిన తీరు మీకు తెలుసు.

మన నాలాల్లో ఎక్కువ భాగం గంటకు 2 సెంటీమీటర్ల వానకు గీసినవని ఇంజనీర్లే చెబుతారు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు. అంత వానను ఏ ఇబ్బందీ లేకుండా మింగే కాలువను ప్రపంచంలో ఏ ఊరూ కట్టుకోలేదు, మనల్ని కట్టమని నేను అడగడం లేదు. నా ఫిర్యాదంతా ఏటా నాలుగైదుసార్లు పడే మామూలు వాన గురించి. నాలుగు సెంటీమీటర్లకే కృష్ణానగర్‌లో బైకులు కొట్టుకుపోతుంటే దాన్ని ప్రకృతి వైపరీత్యం అనకూడదు.

2. నాలా ఎవరిది

జూబ్లీహిల్స్‌లో ఒక స్లాబు మీద పడ్డ నీళ్ళ వెంట నడుద్దాం. అవి కృష్ణానగర్‌కు దిగి, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట మీదుగా బేగంపేట వైపు పోయి హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. సాగర్ నిండితే అలుగు దూకి అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాకల పక్కగా మూసీలో పడతాయి. మధ్యలో ఎంతమంది చేతులు మారాయో చూడండి. ఇంటి గేటు దాకా ఓనరు. గల్లీ కాలువ, నాలా కార్పొరేషన్‌వి. ఆ నాలాలోనే మురుగు మ్యాన్‌హోళ్ళు ఉంటాయి, అవి జలమండలివి. సాగర్ హెచ్‌ఎండీఏ చేతిలో ఉంది. వేరే దారిన పోతే దారిలో తగిలే చెరువు నీటిపారుదల శాఖది కావచ్చు, దాటే కల్వర్టు రోడ్లు భవనాల శాఖదో జాతీయ రహదారుల వాళ్ళదో కావచ్చు. కబ్జాల సంగతి చూడడానికి 2024 నుంచి హైడ్రా వచ్చింది. అధికారులెవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరి ఫైలు వాళ్ళు శుభ్రంగానే పెట్టుకుంటారు. నీళ్ళు మాత్రం ఫైళ్ళ హద్దు చూసుకుని పారవు.

జలమండలి 1989 చట్టంతో పుట్టింది. మంచినీళ్ళు, మురుగునీళ్ళు దాని బాధ్యత. నీటి బిల్లు మీద 35 శాతం సీవరేజి సెస్సు వేసే అలవాటు దానికుంది. అంటే ఇంట్లోకి వచ్చే నీటికి బిల్లు ఉంది, బాత్‌రూమ్ నుంచి పోయే నీటికి సెస్సు ఉంది. డాబా మీంచి పోయే నీటికి ఏదీ లేదు. చట్టం ఆ పని జలమండలికి అప్పగించలేదు కాబట్టి దాన్ని తప్పుపట్టడానికీ లేదు.

ఈ నిర్లక్ష్యం మనూరికే పరిమితం కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనులున్నాయి. నీటి సరఫరా ఉంది, పారిశుధ్యం ఉంది, శ్మశానాలున్నాయి, కబేళాలున్నాయి. వాన నీటి పారుదల పేరుపెట్టి ఎక్కడా లేదు. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవలను కొలవడానికి 28 ప్రమాణాలు పెట్టింది. మంచినీటికి 9, మురుగునీటికి 9, చెత్తకు 8, వాన నీటికి 2. ఆ రెండూ ఏమిటంటే కాలువలు ఎంత మేర ఉన్నాయి, ఏడాదిలో ఎన్ని చోట్ల నీళ్ళు నిలిచాయి. తక్కిన మూడింటికీ ఖర్చులో ఎంత వసూలవుతోందని అడిగారు. వాన నీటికి ఆ ప్రశ్నే వేయలేదు. వసూలు చేయవచ్చన్న ఆలోచన ఢిల్లీలోనూ ఎవరికీ వచ్చినట్టు లేదు. వాన నీటి కాలువల మీద విడిగా ఒక జాతీయ మాన్యువల్ రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

3. జమ లేని ఖర్చు

ఇది నా సొంత పేట. ఇక్కడ కాసేపు తిరుగుతాను, ఓపిక పట్టండి.

నాలాల మీద డబ్బు పెట్టడం లేదనేవాళ్ళు పొరబడుతున్నారు. పెడుతున్నాం, వరద వచ్చాక పెడుతున్నాం. 2000 వరద తరవాత కిర్లోస్కర్ కన్సల్టెంట్ల చేత అధ్యయనం చేయించారు, 2003లో నివేదిక వచ్చింది. నాలాల వెడల్పు పెంచాలంటే తొలగించాల్సిన కట్టడాలు 28 వేల దాకా ఉన్నాయని లెక్క తేల్చారు. వానలు కాస్త వెనకబట్టగానే నివేదిక బీరువా ఎక్కింది. మళ్ళీ 2020 అక్టోబరు వచ్చింది. ముంపు కుటుంబానికి పది వేల చొప్పున పంచడానికి ప్రభుత్వం వెంటనే 550 కోట్లు ప్రకటించింది. తరవాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం పేరుతో, మనం ఎస్‌ఎన్‌డీపీ అంటున్నదే, మొదటి దశకు సుమారు 985 కోట్లు మంజూరయ్యాయి. బాక్స్ డ్రైన్లు, రిటెయినింగ్ వాల్స్ లేచాయి. కొన్నిచోట్ల ముంపు తగ్గింది కూడా, కాదనను.

ఈ డబ్బంతా ఒకసారి వచ్చి పోయేది. కట్టడానికి వచ్చింది, చూసుకోవడానికి రాలేదు. నగరంలో నాలాల నిడివి సుమారు 1,300 కిలోమీటర్లని కార్పొరేషన్ లెక్క, అందులో 390 దాకా పెద్ద నాలాలు. వీటిలో ఏటా పూడిక తీయాలి, జాలీలు శుభ్రం చేయాలి, క్యాచ్‌పిట్ మూతలు మార్చాలి, కూలిన గోడ నిలబెట్టాలి. ఈ పనులకు నిధులు సాధారణ నిధిలోంచి వస్తాయి. ఆ నిధి మీద జీతాలు, పెన్షన్లు, కరెంటు బిల్లులు, రోడ్ల గుంతలు, అప్పుల వడ్డీ ముందే కూర్చుని ఉంటాయి. 2018లో ఇదే కార్పొరేషన్ 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మగలిగింది, ఫ్లైఓవర్ల కోసం. అప్పు ఇచ్చేవాడు అడిగేది తిరిగి కట్టే రాబడి ఏదని. నాలాకు సొంత రాబడి లేదు కాబట్టి నాలా పేరు మీద అప్పు పుట్టదు. వరద కోసమో ఎన్నికల కోసమో ఎదురుచూడాల్సిందే.

పూడికతీత ఎలా జరుగుతుందో ఇంజనీర్లకు తెలుసు, మిగతావాళ్ళకు చెబుతాను. నేను పనిచేసిన ఊళ్ళ పేర్లు చెప్పను. ఎస్టిమేటు జనవరిలో పోవాలి. బడ్జెట్ తేలేసరికి ఏప్రిల్. టెండరుకు ఒకసారి ఎవరూ రారు, పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టరు అలుగుతాడు. రెండోసారి పిలుస్తారు. పని మొదలయ్యేసరికి మే ఆఖరు. పూడికను ఘనపు మీటర్లలో కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించాలి. తడి మట్టిని ఎలా కొలుస్తారు? నాలాలోంచి తీసి గట్టు మీద పోసి, ఆరాక లారీకెత్తి, ట్రిప్పుల లెక్కన రాస్తారు. ఆరేలోపు మృగశిర వాన పడుతుంది. గట్టు మీదిది మళ్ళీ నాలాలోకి జారుతుంది. బిల్లు మాత్రం నా బల్ల మీదికి వస్తుంది. తీశారా? తీశారు. ఉందా? లేదు. అకౌంట్స్ వాడు ఏం రాయాలి? ఈమధ్య ముందు వెనక ఫొటోలు, లారీలకు జీపీఎస్, తూకం చీటీలు అడుగుతున్నారు, మంచిదే. కానీ అసలు లోపం కొలతలో లేదు. పూడిక తీయడాన్ని ఏడాదికోసారి టెండరు పిలిచే పనిగా పెట్టుకోవడంలో ఉంది. మంచినీటి లైనుకు ఏడాది పొడవునా లైన్‌మన్ ఉంటాడు. నాలాకు జూన్‌లో కాంట్రాక్టరు ఉంటాడు, వాన పడ్డ రాత్రి మాన్‌సూన్ టీము ఉంటుంది, మిగతా పది నెలలు ఎవరూ ఉండరు.

ఇలా వదిలేయడం మన పూర్వుల పద్ధతి కూడా కాదు. చెరువు తవ్వించినవాడికీ బాగుచేయించినవాడికీ దశబంధం ఇనాము ఇచ్చేవాళ్ళు. ఆయకట్టులో కొంత భూమో, శిస్తులో పదో వంతో అతనికి వదిలి, ప్రతిగా కట్టను కాపాడే బాధ్యత అతని మీద పెట్టేవాళ్ళు. తూము తీసి మూసే నీరటికి కళ్ళంలోనే గింజలు కొలిచిచ్చేవాళ్ళు. ఆ ఏర్పాటులో కుల పెత్తనమూ ఉంది, దోపిడీ కూడా ఉంది, దాన్ని తిరిగి తెమ్మని అనను. కాపలా పని ఎవరిది, కూలి ఏ పంటలోంచి అన్నది మాత్రం ఊళ్ళో అందరికీ తెలుసు. ఇవాళ నాలా విషయంలో అది కార్పొరేషన్‌లోనే ఎవరికీ తెలియదు.

ఆస్తి పన్నులో డ్రైనేజీ పన్ను అనే భాగం ఉంది కదా అని నా మిత్రుడొకరు ఇప్పుడే చీటీ పంపారు. ఉంది. మన మునిసిపల్ చట్టాల్లో ఆ మాట మొదటినుంచీ ఉంది. అయితే రెండు చిక్కులు. వసూలయ్యాక అది సాధారణ నిధిలో కలిసిపోతుంది, విడిగా కనపడదు. పైగా దాన్ని అద్దె విలువ మీద కడతారు. అద్దెకూ వాన నీటికీ సంబంధం లేదు. ఎకరం ఖాళీ పార్కింగుకు సిమెంటు పరిస్తే అద్దె విలువ స్వల్పం, నాలాలోకి తోసే నీళ్ళు అపారం. చెట్లూ మట్టీ ఉంచుకున్న పాత పెంకుటిల్లు ఖరీదైన వీధిలో ఉంటే పన్ను ఎక్కువ, బయటికి వదిలే నీళ్ళు తక్కువ.

4. చెల్లిస్తున్న ఊళ్ళు

ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో కొందరి పిల్లలు సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటారు. అక్కడ మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈసారి వీడియో కాల్‌లో వాళ్ళ యుటిలిటీ బిల్లు చూపించమనండి. నీటికి ఒక వరస, మురుగునీటికి ఒక వరస, వాన నీటికి మరో వరస కనిపిస్తాయి. వాన నీటికి విడిగా యుటిలిటీ పెట్టుకున్న తొలి అమెరికన్ నగరాల్లో బెల్‌వ్యూ ఒకటి, అదీ 1974లోనే. అక్కడ జాగా ఎంత పెద్దదో, దాన్ని ఎంత గట్టిగా కప్పేశారో చూసి బిల్లు వేస్తారు. చిత్తడి నేలకు ఒక తరగతి, ఏమీ కట్టని నేలకు ఒక తరగతి, పూర్తిగా కట్టేసిన నేలకు పై తరగతి. ఊరు వేగంగా పెరుగుతోంది, వాగులు చెడిపోతున్నాయి, సాల్మన్ చేపలు ఆగిపోతాయన్న భయం వాళ్ళను కదిలించింది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఫిలడెల్ఫియా. పాత ఊరు, పాత పైపులు. దాదాపు 60 శాతం ప్రాంతంలో మురుగునీరూ వాననీరూ ఒకే పైపులో పోతాయి. గట్టి వాన పడితే ఆ కలగలుపు నీళ్ళు పొంగి డెలావేర్, షూల్‌కిల్ నదుల్లోకి పోయేవి. నీరు, మురుగు, వాన మూడూ ఒకే నగర జల విభాగం చూస్తుంది. పూర్వం వాన నీటి ఖర్చును నీటి మీటరు సైజును బట్టి అందరి మీదా పంచేవాళ్ళు. అందువల్ల జరిగిన చిత్రం వినండి. పది అంతస్తుల భవనానికి పెద్ద మీటరు ఉంటుంది కాబట్టి పెద్ద బిల్లు. దాని పక్కనే ఎకరాల కొద్దీ తారు పరిచిన పార్కింగుకు నీటి కనెక్షనే లేదు, అందుచేత బిల్లు సున్నా. నాలాలోకి నీళ్ళు తోసేది ఆ పార్కింగు.

2010 జూలై నుంచి ఆ పద్ధతి మార్చడం మొదలుపెట్టారు, నాలుగేళ్ళలో పూర్తిచేశారు. విమానాల నుంచి తీసిన ఫొటోలతో ప్రతి జాగాలో నీరు ఇంకని భాగం ఎంతో కొలిచారు. ఇళ్ళకు మాత్రం ఒకే స్థిర మొత్తం, సగటు మీద లెక్కకట్టి. ఇల్లిల్లూ కొలిస్తే వచ్చే డబ్బు కన్నా కొలత ఖర్చు, తగాదాల ఖర్చు ఎక్కువని గ్రహించారు. ఇది అకౌంట్స్ మనసున్నవాడు చేసిన పని, నాకు తెలుసు. వ్యాపార స్థలాలకు ఛార్జీలో ఐదింట నాలుగు వంతుల బరువు నీరు ఇంకని వైశాల్యానికి, ఒక వంతు మొత్తం జాగాకు. బిల్లు ఒక్కసారిగా పెరిగినవాళ్ళు గోల చేశారు. వాళ్ళకు రెండు దారులు చూపించారు. నీళ్ళు తన జాగాలోనే ఇంకేలా ఏర్పాటు చేసుకుంటే ఛార్జీలో తగ్గింపు, ఆ ఏర్పాటుకు పెట్టుబడి లేకపోతే గ్రాంటు. 2011లో 25 ఏళ్ళ ప్రణాళిక ఒకటి మొదలుపెట్టారు, విలువ 240 కోట్ల డాలర్లు. భూగర్భంలో పెద్ద సొరంగాల మీదే అంతా పెట్టకుండా, ఒక ఎకరం గచ్చు మీద పడే మొదటి అంగుళం వానను అక్కడికక్కడే పట్టుకోవడం అన్న కొలతతో పని నడిపారు. పాఠశాలల ఆవరణలు, వీధి చెట్ల గుంతలు, పార్కులు అన్నీ ఆ లెక్కలోకి వచ్చాయి.

అంతా సజావుగా సాగిందని చెప్పను. వాళ్ళను అందులోకి నెట్టింది సొంత బుద్ధి కన్నా కేంద్ర నీటి కాలుష్య చట్టం పెట్టిన ఒత్తిడే. మనకు అలాంటి ఒత్తిడి లేదు, వరదే మన ఒత్తిడి. బెర్లిన్‌లో కూడా 2000 నుంచి వాన నీటికి విడిగా, కాలువకు కలిసిన చదరపు మీటర్ల లెక్కన ఛార్జీ ఉంది. ఉదాహరణలు ఇక చాలు.

5. మరో పన్నా?

ఇప్పుడు మీ ముఖాలు మారాయి, చూస్తున్నాను. వానకు కూడా పన్నా అని. ఈ మాటకు రాజకీయ బలం ఎంతో చెబుతాను. అమెరికాలోనే మేరీలాండ్ రాష్ట్రం 2012లో పెద్ద కౌంటీలన్నీ ఇలాంటి రుసుము పెట్టితీరాలని చట్టం చేసింది. ప్రత్యర్థులు దానికి వాన పన్ను అని పేరుపెట్టారు. 2014 గవర్నరు ఎన్నికల్లో అదో ఆయుధమైంది, 2015లో ఆ నిర్బంధం తీసేశారు. ఇక్కడ ప్రతిపాదించే నాయకుడికి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నెలకు 20 వేల లీటర్ల దాకా ఇంటి నీళ్ళు ఉచితమని ప్రకటించిన ఊరు మనది.

అయినా లెక్క వేసి చూద్దాం. కేవలం పద్ధతి చూపడానికి నీరు ఇంకని ప్రతి చదరపు మీటరుకూ ఏడాదికి ఐదు రూపాయలనుకోండి. బస్తీలో 60 గజాల ఇల్లు, 50 చదరపు మీటర్లు, ఏడాదికి 250 రూపాయలు. ఆ ఇంటికి మాఫీ చేయాలనే నా అభిప్రాయం, దాని మీద తరవాత మాట్లాడతాను. 200 గజాల ఇంటికి సుమారు 835 రూపాయలు, అంటే నెలకు 70. పదెకరాలు సిమెంటుతో కప్పిన క్యాంపస్‌కు రెండు లక్షల పైచిలుకు. రోడ్లు తీసేసి, ఊళ్ళో ప్రైవేటు గచ్చు 200 చదరపు కిలోమీటర్లు ఉందనుకుంటే ఏడాదికి వంద కోట్లు. కొత్త నాలాలు కట్టడానికి అది చాలదు. ఉన్నవాటిని ఏడాది పొడవునా చూసుకునే సిబ్బందికీ, అప్పు పుట్టించే నమ్మకానికీ మాత్రం అదొక పునాది.

బీదవాళ్ళ మీద భారం అన్న మాటకు నా దగ్గర గట్టి జవాబుంది. ఇప్పుడు వరద ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నాలా పక్క గుడిసె, రెండు గదుల రేకుల ఇల్లు, సెల్లార్‌లో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం. తడిసిన బియ్యం, చెడిన ఫ్రిజ్, పోయిన వారం కూలి, ఇదంతా రశీదు లేని వాన పన్ను. కొందరు ప్రాణం కూడా కట్టారు. వాళ్ళ కప్పుల మీంచి నాలాలోకి పోయేది చాలా తక్కువ, వాళ్ళ ఇళ్ళలోకి వచ్చేది ఎగువ కాలనీల గచ్చు నీరు. గచ్చు వైశాల్యాన్ని బట్టి రుసుము వేస్తే ఈ అన్యాయం కొంత తిరగబడుతుంది. నాలా మీది కబ్జాలు తీసేటప్పుడు మొదట బుల్డోజరు వెళ్ళేది కూడా ఆ రేకుల ఇళ్ళకే. అదే నాలాకు ఎగువన గచ్చు పరిచినవాడిని ఎవరూ పలకరించరు.

చట్టం ఒప్పుకుంటుందా అని ఒక న్యాయవాది మిత్రుడు అడిగారు. పన్నుకూ రుసుముకూ తేడా మీద సుప్రీం కోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే చెప్పింది. రుసుము అన్నప్పుడు ప్రతిగా సేవ ఉండాలి, వసూలైంది సాధారణ ఆదాయంలో కలపకుండా ఆ సేవ కోసం విడిగా ఉంచాలి. తరవాతి తీర్పులు ఆ నియమాన్ని కొంత సడలించాయి. నాకైతే ఆ పాత కఠిన నియమమే ముద్దు. విడిగా ఉంచకపోతే ఈ డబ్బు ఏ ఫ్లైఓవరు బాండు వడ్డీలో కలిసిపోతుందో చెప్పలేను. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి కలపడాలు చూశాను, సంతకాలూ పెట్టాను.

6. ఏది ముందు

కాబట్టి రుసుముతో మొదలుపెట్టొద్దు. ముందు రుసుము వేసి, తరవాత లెక్క చూపిస్తామంటే జనం నమ్మరు, నేను కూడా కట్టను.

మొదట ఖాతా. వచ్చే బడ్జెట్‌లోనే వాన నీటికి విడి నిధి తెరవాలి. నాలాల మీద ఏ శాఖ ఏం ఖర్చుపెట్టినా, పూడిక, గోడలు, మోటార్లు, వరద రాత్రి కూలీలు, అన్నీ అక్కడ కనపడాలి. డ్రైనేజీ పన్ను పేరిట వసూలైంది అందులో జమ కావాలి. నాలా వారీగా, వార్డు వారీగా అచ్చు వేసి అందరికీ ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.

తరవాత యజమాని. గల్లీ కాలువ నుంచి మూసీ దాకా ఒకే సంస్థ ఉండాలి. ఏది అన్నదాని మీద ఇంజనీర్లలోనే భేదాభిప్రాయాలున్నాయి. నా ఓటు జలమండలికి. నాలాల్లో పారేదాంట్లో ఎండాకాలం సింహభాగం దాని మురుగే, దాని మ్యాన్‌హోళ్ళే. ఇంటింటికీ బిల్లు పంపే యంత్రాంగం దానికుంది, ఏడాది పొడవునా పనిచేసే లైన్‌మన్ సంస్కృతి ఉంది. అయితే వాన నీటి నిధి దాని పాత అప్పులకు అందని విధంగా ఉండాలి. రుసుమును నీటి వాడకంతో ముడిపెట్టకూడదు. ఉచిత నీళ్ళ ఇల్లయినా, బోరు నీళ్ళ మాల్ అయినా, నీళ్ళే వాడని పార్కింగైనా గచ్చును బట్టే లెక్క. ఫిలడెల్ఫియా పాత పద్ధతి వదిలించుకున్నది ఇందుకే.

తరవాత కొలత, ఆ తరవాతే రుసుము. అదీ ముందు పెద్ద జాగాలకు, అంటే మాల్స్, క్యాంపస్‌లు, ఫంక్షన్ హాళ్ళు, గోదాములు, ప్రభుత్వ కార్యాలయాలకు. ప్రభుత్వ భవనాలకు మినహాయింపు ఇస్తే ఈ పథకం మొదటి రోజే చచ్చిపోతుంది. ఇళ్ళకు స్థిర మొత్తం, బస్తీ ఇళ్ళకు మాఫీ. ఇంకుడు గుంత నిజంగా పనిచేస్తున్నవాళ్ళకు తగ్గింపు ఇవ్వాలి. పర్మిషన్ కోసం తవ్వి, ఫొటో తీసి, మీద టైల్సు వేసిన గుంతలకు మాత్రం ఇవ్వొద్దు. అలాంటివి మన కాలనీల్లోనే ఎన్నున్నాయో మనకు తెలుసు.

ఇది ఒక్క హైదరాబాదు సంగతే కాదు. బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచింది. అక్కడా వాన నీటి కాలువల కోసం కేంద్రం ఒకసారి 461 కోట్లు ఇచ్చింది. బుడమేరు వరద వాగు తెచ్చింది, కాలువలు తెచ్చింది కాదు, రెండింటినీ కలపకూడదు. కానీ ఏటా నిర్వహణకు సొంత రాబడి లేదన్న మాట అక్కడా అంతే నిజం. గుంటూరులో, వరంగల్‌లో, విశాఖలో మునిసిపల్ అకౌంట్స్‌లో పనిచేసే నా తమ్ముళ్ళు ఇక్కడ ఉంటే ఇదే ఖాళీ వాళ్ళ లెడ్జర్లలోనూ చూపిస్తారు.

కార్పొరేషన్ పెద్దలు ఇద్దరు ముగ్గురు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకు నా విన్నపం చిన్నదే. రుసుము సంగతి తరవాత చూద్దాం. ఈ మార్చిలోపు వాన నీటికి విడి నిధి తెరిచే తీర్మానం కౌన్సిల్‌లో పెట్టండి, గత ఐదేళ్ళలో ఏ నాలా మీద ఎంత ఖర్చయిందో ఒక్క పుస్తకంగా అచ్చు వేయించండి. ఆ లెక్క కట్టడానికి మనిషి కావాలంటే, జీతం అక్కర్లేదు, నేను వస్తాను.